దేవ్‌మాలి చూద్దామని వెళ్లి

దేవ్‌మాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. చూసి వస్తామని ఇంట్లో చెప్పి బయల్దేరాం. చూసింది మాత్రం మా జీపు అడుగుభాగం. ఒకటిన్నర రోజు, వెల్లకిలా పడుకుని మరీ చూశాం.

విజయనగరం నుంచి సాలూరు, సుంకి ఘాటు, పొట్టంగి. ఈ దారి తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆగస్టు కాబట్టి ఘాటు నిండా మబ్బు, ముందు లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనబడలేదు. పొట్టంగి దాటాక కొండ వైపు తారురోడ్డు ఉంది, కార్లలో పిల్లాపాపలతో ఎక్కుతున్నారు. మా బావకు అదే నచ్చలేదు. ‘లక్ష పోసి లాకర్ వేయించుకున్నది తారురోడ్డు మీద తిరగడానికా?’ అన్నాడు. లాకర్ అంటే బురదలో వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా బిగించే తాళం. లక్ష నాది, జీపు నాది, మాట ఆయనది. మెట్టపొలాల పక్కనుంచి పోయే ఎద్దుబండ్ల దారిలోకి తిప్పాడు.

వాన వెలిసిన ఎర్రమట్టి సబ్బుకన్నా హీనం. ఒక గెడ్డ దాటి ఒడ్డెక్కుతుంటే కుడి వెనక చక్రం గోతిమీద వేలాడింది, ఎడమది గట్టిమట్టి మీదే ఉంది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్లను డిఫరెన్షియల్ అంటారు. మామూలు డిఫరెన్షియల్ బుద్ధి అంతే, పట్టు లేని చక్రాన్ని తిప్పి, పట్టున్నదాన్ని ఊరికే కూర్చోబెడుతుంది. ఇలాంటి చోటి కోసమే కదా గాలితో పడే తాళం పెట్టించుకున్నది. స్విచ్చి వేస్తే డ్రైవరు సీటు కింది చిన్న కంప్రెసర్ గాలి పంపాలి, వెనక ఇరుసు మధ్య ఉండే గేర్ల డబ్బాలో, అంటే హౌసింగ్‌లో, పిస్టన్ జరిగి రెండు చక్రాలనూ ఒక్కటిగా బిగించాలి. బావ స్విచ్చి వేశాడు. డాష్‌బోర్డు మీద దీపం వెలిగింది, కంప్రెసర్ బర్రుమంది. కుడి చక్రం గాల్లో హాయిగా తిరిగింది. ఎడమది కదల్లేదు. ఆ దీపం స్విచ్చి వేసినట్టు చెబుతుందే గాని తాళం పడినట్టు కాదని మాకు మర్నాటిదాకా తెలియదు. తెలిసి ఉంటే దాన్ని నమ్మి అరగంట యాక్సిలరేటరు తొక్కేవాళ్లం కాదు.

ఫ్యూజు చూశాం, బాగానే ఉంది. స్విచ్చి వేసినప్పుడల్లా కంప్రెసర్ పక్కన సోలెనాయిడ్, అంటే గాలిని గొట్టంలోకి వదిలే కరెంటు వాల్వు, టిక్కుమంటోంది, అంటే కరెంటు అందుతోంది. నీలం రంగు గాలిగొట్టం ఒకచోట సైలెన్సర్‌కు దగ్గరగా వెళ్లి నిగనిగలాడుతుంటే, దొరికాడు దొంగ అనుకుని టేపు చుట్టాం. దొంగ వాడు కాదు. లాకర్ బిగించిన పెద్దమనిషికి ఫోన్ చేస్తే ‘గేరుబాక్సు అయి ఉంటుంది, బండి తెచ్చేయండి’ అన్నాడు. గోతిలోంచి బండి తెచ్చేయడమెలాగో చెప్పలేదు.

చివరికి ట్రాక్టరు దిక్కయింది. మూడు వేలు అడిగి రెండున్నరకు దిగాడు. లాగింది నాలుగు నిమిషాలు.

రాత్రి సెమిలిగుడలో పద్నాలుగు వందల గది. వేడినీళ్లు లేవు. దాని గురించి ఇంతకన్నా రాయను.

పొద్దున్నే లాడ్జి కుర్రాడు లారీల షెడ్డు ఒకటి చూపించాడు. సునాబెడ, దామంజోడి ఫ్యాక్టరీలు పక్కనే ఉండటంతో అక్కడ లారీలకు కొదవ లేదు, బాగుచేసే వాళ్లలో తెలుగువాళ్లకూ కొదవ లేదు. మేస్త్రి గారిది సాలూరు. అరవై దాటి ఉంటాయి. మా జీపును చూసి ‘చిన్న బండ్లు చూడను బాబూ’ అన్నాడు. గాలి సమస్య అన్నాక మాత్రం చేతులు తుడుచుకుని దగ్గరకు వచ్చాడు.

గాలి అంటే సాలూరు మనిషికి వేరే పాఠం అక్కర్లేదు. లారీలకు పేరుపడ్డ ఊరది. మా నాన్నకు కూడా ఒక లారీ ఉండేది. తెల్లవారుజామున స్టార్ట్ చేసి, గాలి మీటరు ముల్లు పైకి లేచేదాకా నాన్న బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. గాలి నిండకపోతే బ్రేకు వదలదు, బండి కదలదు. ముల్లు చేరాక ‘ఉస్స్’ మనే చప్పుడు వచ్చేది, నేను దానికోసమే నిద్ర మానుకుని ఎదురుచూసేవాణ్ని. ఈ మాట చెబితే మేస్త్రి గారు నవ్వి, ‘లారీలో గాలి పోతే స్ప్రింగు బ్రేకు వేస్తుంది. మీ దాంట్లో గాలి పోతే స్ప్రింగు తాళం తీస్తుంది. అంతే తేడా. మిగతాదంతా గాలి ఎక్కడ పోతోందో పట్టుకోవడమే’ అన్నాడు. మా పెద్దమనిషి లక్ష తీసుకుని కూడా ఇంత తేటగా చెప్పలేదు.

ముందు లాకర్ స్విచ్చి వేయకుండా కంప్రెసర్ ఒక్కటే వేయించాడు. కాసేపు తిరిగి, గాలి నిండి దానంతట అదే ఆగింది. ఐదు నిమిషాలు చూశాం, మళ్లీ తిరగలేదు. ‘సోలెనాయిడ్ దాకా లీకు లేదు’ అన్నాడు. ఇప్పుడు లాకర్ స్విచ్చి వేయించాడు. కంప్రెసర్ మొదలైంది, ఇక ఆగనంటోంది. అంటే గాలి సోలెనాయిడ్ దాటాకే పోతోంది. సబ్బునీళ్లు నురగ చేసి గొట్టం పొడవునా, కలిసే ప్రతి చోటా కుంచెతో పూశాడు. ఒక్క బుడగ రాలేదు. మా టేపు దగ్గర కూడా రాలేదు, అంత శ్రద్ధగా చుట్టాం మరి.

తర్వాత గొట్టాన్ని సోలెనాయిడ్ దగ్గర ఊడదీసి, షెడ్డులోని పెద్ద కంప్రెసర్ గాలిని ఏడు కిలోలకు తగ్గించి నేరుగా ఇచ్చాడు. వాళ్ల లెక్క కిలోల్లోనే, మనం వంద పీఎస్ఐ అనేదే అది. వెనక చక్రాలు రెండూ జాకీల మీద ఉన్నాయి, గేరు న్యూట్రల్‌లో ఉంది. అంతవరకూ ఒక చక్రం ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుండేది. గాలి ఇవ్వగానే లోపల టక్కుమంది, రెండూ ఒకే వైపు తిరిగాయి. బావ ముఖం వెలిగింది. ‘సంతోషించకండి. తాళం బాగుంది, గాలే కారుతోంది. మా పెద్ద కంప్రెసర్‌కు ఈ లీకు ఒక లెక్క కాదు, మీ చిన్నదానికి ప్రాణం మీదికి వస్తోంది’ అన్నాడు మేస్త్రి గారు.

అప్పుడు టీ గ్లాసు అడిగాడు. టీ కోసమనుకున్నాను. అందులో నీళ్లు పోసి, హౌసింగ్ లోపలి గాలి బయటికి పోవడానికి పైన పెట్టిన బ్రీదర్ గొట్టం కొసను ముంచాడు. మళ్లీ మా కంప్రెసర్ వేయించి లాకర్ స్విచ్చి వేయించాడు. గ్లాసులో బుడగలు. ఒకటి, ఇంకొకటి, తర్వాత మరిగే నీళ్లలా. ముగ్గురం ఆ గ్లాసు చుట్టూ గొంతుకూర్చుని చూస్తూ ఉండిపోయాం. ఇరుసు లోపల తిరిగే భాగానికి గాలి అందించే రింగులో రెండు రబ్బరు ఓరింగులు ఉంటాయి. అవి అరిగి, పిస్టన్‌కు వెళ్లాల్సిన గాలి హౌసింగ్‌లోకి పోయి బ్రీదర్‌లోంచి బయటపడుతోంది. బ్రీదర్ బురదతో మూసుకుపోయి ఉంటే ఆ గాలి ఇరుసు సీళ్లను తోసి, ఆయిలు బ్రేకుల్లోకి పోసేదట. అదృష్టమే అనుకోవాలి.

‘సీటు కింద ఎప్పుడైనా ఆయిలు కనబడిందా?’ అని అడిగాడు. కనబడింది. రెండు నెలల నుంచి చాపమీద మరకలు. కంప్రెసర్ ఆయిలనుకుని తుడిచేస్తున్నాను. ‘ఆ చిన్నదాంట్లో ఆయిలే ఉండదు బాబూ. వాసన చూడలేదా?’ అన్నాడు. చూశాను, కుళ్లిన కోడిగుడ్డు వాసన. గేర్ ఆయిలు. తాళం తీసినప్పుడల్లా గొట్టంలోని గాలి వెనక్కి వచ్చి సోలెనాయిడ్ దగ్గర బయటపడుతుంది, అరిగిన ఓరింగు దాటి గొట్టంలోకి చేరిన ఆయిలును కూడా తెస్తుంది. రెండు నెలలుగా అది నా కాళ్ల కిందే మొర పెట్టుకుంటోంది.

బాగుచేయమంటే మాత్రం ఒప్పుకోలేదు. ఇరుసులు లాగాలి, క్రౌను అనే పెద్ద పళ్లచక్రం దించాలి, మళ్లీ బేరింగుల బిగువు సరిచూడాలి, ఆ కొలత ఓరింగులు ఇక్కడ దొరకవు. ‘షెడ్డు దుమ్ములో ఈ డబ్బా విప్పను’ అన్నాడు. కంప్రెసర్ ఆగకుండా తిరిగితే కాలిపోతుందనీ, ఇంటికి చేరేదాకా ఆ స్విచ్చి ముట్టుకోవద్దనీ చెప్పాడు. ఐదు వందలు ఇస్తే రెండు వందలు తిరిగి ఇచ్చాడు. ట్రాక్టరు అతను గుర్తొచ్చి కడుపు మండింది.

దేవ్‌మాలికి తారురోడ్డు మీద వెళ్లవచ్చు కదా అంటే బావ పలకలేదు. వాన మళ్లీ పట్టుకుంది. సుంకి ఘాటు దిగుతుంటే, ఎడమచేతి అలవాటు ఊరుకోనివ్వక బావ ఆ స్విచ్చి వేసి, నాలుక కరుచుకుని వెంటనే తీసేశాడు. సీటు కింద ‘ఉస్స్’ మంది. వెనకే గేర్ ఆయిలు కంపు. వానలోనే అద్దాలు దించుకుని సాలూరు దాకా తడుస్తూ వచ్చాం.