ఆల్జినేట్ జెల్‌కు రొయ్య పెంకుల, అరటి నార బలం: ఇప్పటివరకు సాగిన పని

సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్‌తో చేసిన హైడ్రోజెల్ చూడడానికి నిండుగా, తేటగా ఉన్నా, వేళ్ల మధ్య పట్టి వంచగానే పుటుక్కున తెగిపోతుంది. బరువులో తొంభై శాతానికి పైగా నీరే ఉన్న ఈ పదార్థానికి సత్తువ రావాలంటే, కంటికి కనిపించనంత సన్నని, బిరుసైన పోగులు దాని లోపల సమంగా పరుచుకోవాలి. ఆ పోగులను గోదావరి జిల్లాల్లో విరివిగా దొరికే అరటి బోదె నుంచి, వెనామీ రొయ్య పెంకుల నుంచి రాబట్టాలన్నదే నా ప్రయత్నం.

1951లో స్వీడన్ శాస్త్రవేత్త రాన్‌బీ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో సెల్యులోజ్ (అరటి నార వంటి మొక్కల నారలోని ముఖ్య పదార్థం) నానో స్ఫటికాలను, అంటే అతి సూక్ష్మమైన స్ఫటికాలను, విడదీశారు. ప్రయోగశాలల్లో నేటికీ ఆ పద్ధతే ఎక్కువగా నడుస్తోంది గాని, అంత గాఢమైన ఆమ్లాన్ని ఇంట్లో ముట్టుకోకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. అందుకే తేలికపాటి ఆమ్లంతో, మిక్సీతో వచ్చేంతవరకే పోతున్నాను. ఇలా వచ్చిన పోగులన్నీ నానో పరిమాణంలో ఉండవు. కొంత ముతక మిగులుతుంది.

రొయ్య పెంకుల్లో మనకు కావలసిన పోగుల పదార్థమైన కైటిన్‌తో పాటు సున్నపు పదార్థం, మాంసకృత్తులు కలిసి ఉంటాయి. కడిగి దంచిన పెంకులను వెనిగర్‌లో వేస్తే కాల్షియం కార్బొనేట్ కరుగుతూ బుసబుసమని బుడగలు వస్తాయి. బుడగలు ఆగేవరకు వెనిగర్ మారుస్తూ ఉండాలి. తర్వాత 4 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో సన్నని సెగమీద ఉడికిస్తే మాంసకృత్తులు విడిపోతాయి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది కనుక స్టీలు గిన్నే వాడాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. మిగిలిన కైటిన్‌ను బాగా కడగాలే తప్ప ఎండబెట్టకూడదు. ఒకసారి ఎండితే పోగులు ఒకదానికొకటి హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుపోయి, తిరిగి ఎంత రుబ్బినా పూర్తిగా విడివడవు. తడి కైటిన్‌ను వెనిగర్ కలిపిన నీటిలో, మోటారు వేడెక్కకుండా విరామమిస్తూ మిక్సీలో తిప్పితే, పలచని గంజిలాంటి ద్రవం వస్తుంది. ఒక రాత్రి కదపకుండా ఉంచి, అడుగున దిగిన ముతకను వదిలి పైతేటను వంచుకుంటున్నాను. లేజర్ పాయింటర్ కాంతిని అందులోకి పంపితే దారి పొడవునా మెరుస్తుంది; సన్నని కణాలు నీటిలో తేలుతున్నాయనడానికి ఇంట్లో దొరికే గుర్తు అదే.

అరటి నార పని ఇంతకంటే సులువు. డొప్పల నుంచి తీసిన నారను కాస్టిక్ సోడాలో ఉడికించి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచి, అలాగే రుబ్బి తేర్చుకోవడమే.

అసలు చిక్కంతా కలపడంలో ఉంది. ఆమ్లంలో కైటిన్ పోగులకు ధనావేశం వస్తుంది, ఆల్జినేట్‌ది రుణావేశం. రెండూ ఒక్కసారిగా తగిలితే పెరుగు విరిగినట్టు ఉండలు కడతాయి. పైగా పీహెచ్ (ఆమ్లగుణపు కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లగుణం ఎక్కువ) 3 దగ్గర ఆల్జినేట్ తానే గడ్డకడుతుంది. కాబట్టి కైటిన్ ద్రవంలో వంటసోడా నీటిని చుక్కలుగా వేసి పీహెచ్‌ను 5కు తెచ్చి, బాగా పలచన చేసి, తిప్పుతూనే 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆల్జినేట్ పొడిని కొద్దికొద్దిగా చల్లుతున్నాను. ద్రవంలో పోగులెన్ని ఉన్నాయో తెలియడానికి 10 గ్రాముల ద్రవాన్ని ఆరబెట్టి తూచుకుంటున్నాను. వాటి మోతాదును ఆల్జినేట్ బరువులో 5 శాతం దాటనివ్వడం లేదు. ఎక్కువ వేస్తే బలం పెరగదు సరికదా, ఏర్పడిన ప్రతి ఉండ దగ్గరా పగులు మొదలవుతుంది.

ఈ మిశ్రమాన్ని అచ్చులో పోసి, 2 శాతం కాల్షియం క్లోరైడ్ నీటిలో ముంచి గట్టిపరిచాక, ఒకే మందం గల పట్టీలుగా కోసి, క్లిప్పుకు వేలాడదీసి, కింద కట్టిన సీసాలోకి నీళ్లు పోస్తూ ఏ బరువుకు తెగుతుందో చూస్తున్నాను. సాదా జెల్ ఏ హెచ్చరికా లేకుండా తెగుతుంది. సెల్యులోజ్ కలిపినది ఎక్కువ బరువు ఆపుతుంది గాని తెగడం మాత్రం అలాగే తెగుతుంది. కైటిన్ కలిపిన పట్టీ మాత్రం అంచున చీలిక మొదలైనా వెంటనే రెండు ముక్కలు కాకుండా, సన్నని దారాలు లాగుతూ కాసేపు నిలుస్తుంది. విరుద్ధ ఆవేశాల వల్ల పోగులు ఆల్జినేట్‌ను పట్టుకుని ఉండడమే ఇందుకు కారణమని నా నమ్మకం. శ్రమ ఎక్కువైనా ఇకపై రొయ్య పెంకులతోనే సాగాలనుకుంటున్నాను.

కాల్షియం నీటిలో ముంచినప్పుడు పైపొర ముందుగా బిగిసి లోపల మెత్తగా మిగలడం ఇంకా తీరని లోపం. అందుకు ఆల్జినేట్‌లోనే మెత్తని కాల్షియం కార్బొనేట్ పొడి కలిపి, నెమ్మదిగా ఆమ్లాన్ని వదిలే గ్లూకోనో డెల్టా లాక్టోన్ చేర్చి, లోపలి నుంచే గట్టిపరిచే పద్ధతిని తర్వాతి విడతలో చేపడతాను.