పది బై పది గదిలో మా ఇల్లు

2023 మార్చిలో మా ఆయన ఉద్యోగం పోయింది. అప్పుడు అమెరికాలో, టెక్సస్‌లోని డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే, ఇంకోటి చూసుకోవడానికో దేశం వదలడానికో చేతిలో మిగిలేది 60 రోజులే. మొదటి 40 రోజులు ఇంటర్వ్యూలతోనే గడిచిపోయాయి. ఇక కొన్నాళ్ళు విజయవాడ వెళ్ళిపోదాం, అక్కడినుంచే ప్రయత్నిద్దాం అనుకున్నాం. ఆ వీసాకు ఉండే ఆరేళ్ళ గడువులో మాకు ఇంకా రెండేళ్ళకు పైగా మిగిలి ఉంది. ఏదైనా కంపెనీ మా తరఫున వీసా పిటిషన్ వేస్తే మళ్ళీ వీసా లాటరీ లేకుండానే రావచ్చు. ఆ ఆశ ఉండబట్టే సామాను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. తిరిగి రామని తెలిస్తే అన్నీ ఎవరికో ఇచ్చేసి వెళ్ళేవాళ్ళం.

స్టోరేజ్ యూనిట్లు, అంటే సామాను దాచుకోవడానికి అద్దెకిచ్చే గదులు, చూడటానికి వెళ్ళాం. ఐదు బై పది అడుగులది చాలదనిపించి పది బై పది తీసుకున్నాం. నెలకు 138 డాలర్లు, ఇన్సూరెన్స్ వేరే. బయటి వరసలోవి చౌక. కానీ డాలస్ ఎండాకాలంలో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. ఆ రేకు తలుపు గదుల్లో నెలల తరబడి పెడితే ఫొటోలు అతుక్కుపోతాయి, చెక్క పగులుతుంది. అందుకని లోపల ఏసీ ఉండే గదే తీసుకున్నాం.

"ఇంత అద్దె కట్టే బదులు అన్నీ మళ్ళీ కొనుక్కోవచ్చు కదా" అన్నారు మా ఆయన. నిజమే. ఎనిమిది నెలలు ఉంచితే అద్దే 1,100 డాలర్లు దాటుతుంది. మా సోఫా, డైనింగ్ టేబుల్, టీవీ కలిపినా అంత రావు. అవన్నీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి అమ్మేశాం. కారు కూడా అమ్మేశాం. కానీ మా అమ్మమ్మ బొమ్మల కొలువు బొమ్మల్ని ఎక్కడ కొంటాం? దేవుడి గది ఇత్తడి సామాను, మా పాప మొదటి మూడేళ్ళ బొమ్మల పుస్తకాలు, కోయంబత్తూరు నుంచి 110 వోల్టులకు చేయించి తెప్పించుకున్న వెట్ గ్రైండర్, ఇవి వదల్లేకపోయాను. నిజం చెప్పాలంటే అద్దె కట్టింది వీటి కోసమే. మంచాలు, చలికోట్లు, ఆయన రాసుకునే బల్ల ఎలాగూ చోటుంది కదా అని పెట్టినవే.

సర్దడానికి తొమ్మిది రోజులు పట్టింది. పుస్తకాలు చిన్న అట్టపెట్టెల్లోనే పెట్టాలి, పెద్దదాంట్లో నింపితే ఎత్తేటప్పుడు అడుగు ఊడిపోతుంది. పళ్ళాలు ఒకదాని మీద ఒకటి కాకుండా నిలువుగా నిలబెడితే పగలవు. బబుల్ ర్యాప్ కొనలేదు, పాత నూలు చీరలతో చుట్టాను. గ్రైండర్ రాళ్ళు కడిగి రెండు రోజులు బాల్కనీలో ఎండబెట్టాను. ఏమాత్రం పిండి మిగిలినా బూజు పడుతుంది, పురుగులు వస్తాయి. పాప బొమ్మల్లోంచి, రిమోట్లలోంచి బ్యాటరీలన్నీ తీసేశాను, అవి కారితే వస్తువు పాడైపోతుంది. తినే వస్తువేదీ లోపల పెట్టకూడదని ఒప్పందంలోనే ఉంది. ఆవకాయ, పప్పులు, బియ్యం బస్తా కింది ఫ్లాట్ అక్కకు ఇచ్చాను. అత్తయ్యగారు పోయినేడు పెట్టి పంపిన ఆ ఆవకాయ జాడీ ఇచ్చేటప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

ప్రతి పెట్టె మీదా మూడు వైపులా నంబరు వేసి, ఏ పెట్టెలో ఏముందో నోటుబుక్కులో రాసుకున్నాను. మధ్యలో మనిషి నడిచేంత దారి వదిలి రెండు గోడల పక్కన పేర్చాం. దారి లేకుండా పైకప్పు దాకా నింపితే ఇంకా చిన్న గది సరిపోయేది కానీ, ఆ దారే తర్వాత మమ్మల్ని కాపాడింది.

అద్దె తప్పితే స్టోరేజ్ వాళ్ళు మన తాళం మీద వాళ్ళ తాళం వేస్తారు. అప్పటికీ కట్టకపోతే సామాను వేలం వేసే హక్కు టెక్సస్ చట్టం వాళ్ళకు ఇస్తుంది. అందుకే అమెరికా బ్యాంకు ఖాతా మూయలేదు. ఓటీపీల కోసం ఫోన్ నంబరు కూడా చౌక ప్లాన్ మీద ఉంచుకున్నాం. విజయవాడలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఒకటో తారీఖున డబ్బు కట్ అయిందా లేదా అని చూసుకునేదాన్ని. ఆరు నెలలకు అద్దె 171 డాలర్లు చేస్తున్నామని మెయిల్ వచ్చింది. ఉద్యోగం లేని ఇంట్లో ఆ 33 డాలర్లు ఎంత బరువో ఆ రోజు తెలిసింది.

అక్టోబరులో ఒక కంపెనీ పిటిషన్ వేయడానికి ఒప్పుకుంది. లాయరు పాత పే స్లిప్పులు, డబ్ల్యూ-2 అనే ఏడాది జీతం, పన్ను వివరాల కాగితాలు అడిగారు. పాత కంపెనీ పోర్టల్ లాగిన్ ఎప్పుడో తీసేశారు. ఫైలు కోసం సూట్‌కేసులన్నీ తిరగేశాం, లేదు. కాగితాలేవీ స్టోరేజ్‌లో పెట్టకూడదని నేనే పదిసార్లు అన్నాను. ఆఖరి రాత్రి హడావుడిలో ఆ ఫైలు అడుగున గట్టిగా ఉంటుందని ఇత్తడి దీపాల కింద పెట్టింది కూడా నేనే. నోటుబుక్కు తీస్తే నా చేతిరాతలోనే ఉంది: "14. దీపాలు, గంట, హారతి పళ్ళెం, నీలం ఫైలు."

రెండో తాళంచెవి కింది ఫ్లాట్ అక్క దగ్గరే ఉంది. ఆమె ఆఫీసు అయ్యాక వెళ్ళి వీడియో కాల్ చేసింది. మాకు తెల్లవారుజాము.

"ఏ పెట్టె అమ్మా?"

"పద్నాలుగు అక్కా. ఎడమ పక్కన, కింద నుంచి రెండోది."

ఫోను గోడకు ఆనించి ఒక్కతే మూడు పెట్టెలు దించింది. నీలం ఫైలు పైకి ఎత్తి చూపించినప్పుడు మా ఆయన మంచం మీద కూలబడిపోయారు. ఆ రాత్రే కాగితాలన్నీ స్కాన్ చేసి పంపింది.

2024 జనవరిలో తిరిగి వచ్చాం. గది తెరవగానే ముందు గ్రైండర్ చూసుకున్నాను, వాసన లేదు. బొమ్మల్లో ఒక్కటే, కావడి మోసేవాడి చెయ్యి విరిగింది. పద్నాలుగో పెట్టెకు కొత్త టేపు వేసి ఉంది. దాని మీద నల్ల మార్కరుతో అక్క రాత: "ఫైలు తీశాను. దీపాలకు చుట్టిన చీర విడిపోతే మళ్ళీ చుట్టి పెట్టాను."