వియ్యాలవారి భోజనం, 24 అంగుళాల లెక్క

మా అక్క కూతురి సంబంధం ఒంగోలు వాళ్ళతో ఖాయమయ్యాక, నిశ్చితార్థానికి ముందే ఒక ఆదివారం వాళ్ళని నెల్లూరుకి భోజనానికి పిలిచారు. వచ్చేవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళ సరసన కూర్చోవాల్సిన మా పెద్దవాళ్ళు ముగ్గురు. వంట సంగతి అక్క, వదిన చూసుకుంటామన్నారు. కూర్చోబెట్టే పని నాకు అప్పజెప్పారు. కింద బంతి వేద్దామంటే పెళ్ళికొడుకు నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. అక్క వాళ్ళ డైనింగ్ టేబులేమో ఆరుగురిది. అందుకని పక్కింటి వాళ్ళ టేబుల్ కూడా అడిగి తెచ్చి రెండూ కలిపి వేశాం.

రెండూ ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పక్కింటి టేబుల్ మాత్రం కాస్త పొట్టిది, దాని కాళ్ళ కింద ప్లైవుడ్ ముక్కలు పెట్టాం. మొత్తం 12 అడుగులు, అంటే 144 అంగుళాలు. ఇప్పుడు పన్నెండు మందిని ఎలా సర్దాలి? అందరికీ ముందు తట్టేది ఒకటే: పక్కకి ఐదుగురు, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మనిషికి దాదాపు 29 అంగుళాలు వస్తుంది, హాయిగా ఉంటుంది. కానీ ఐదుగురిలో మధ్య మనిషి సరిగ్గా రెండు టేబుళ్ళ అతుకు దగ్గరికి వస్తాడు. అక్కడ రెండు కాళ్ళు జంటగా నిలబడి ఉంటాయి. ఆ మనిషి వాటికి చెరోవైపు మోకాళ్ళు పెట్టుకుని గుర్రమెక్కినట్టు కూర్చోవాలి. కొత్త చుట్టాన్ని అలా కూర్చోబెడతామా?

అందుకే పక్కకి ఆరుగురు అనుకున్నాం. అప్పుడు మనిషికి 24 అంగుళాలు. ఒక కంచం మధ్య నుంచి పక్క కంచం మధ్యకి కనీసం అంతుండాలని హోటళ్ళలో టేబుల్ సర్దేవాళ్ళు కూడా చెబుతారు. అంతకంటే తగ్గితే మోచేతులు తగులుతాయి. ఇలా వేస్తే అతుకు మూడో మనిషికీ నాలుగో మనిషికీ మధ్య పడుతుంది, ఎవరి మోకాలికీ అడ్డం రాదు. రెండు చివరలూ ఖాళీ కాబట్టి తలాపున ఎవరు కూర్చోవాలన్న టెన్షన్ కూడా పోయింది. వియ్యంకుడు గారా, మా పెదనాన్నా అని అక్క అప్పటికే రెండు రోజులుగా నలుగుతోంది.

దర్జీ టేపుతో ఒక చివర నుంచి 12 అంగుళాల దగ్గర మొదటి గుర్తు, అక్కడి నుంచి ప్రతి 24కి ఒకటి: 36, 60, 84, 108, 132. రెండో వైపూ అవే అంకెలు, కంచాలు ఎదురెదురుగా రావాలి కదా. గుడ్డ పరిచాక సుద్ద గీతలు కనబడవని అంచు కింద బొట్టుబిళ్ళలు అంటించాను, వేలితో తడిమితే దొరుకుతాయి. పిన్ని చూసి, "అన్నం తినడానికి టేపెందుకే? ఏందబ్బా ఈ చోద్యం!" అంది. ఆమెకి అరిటాకులు కావాలి. నాకూ ఇష్టమే గానీ, నిండు ఆకు వేస్తే 24 అంగుళాల్లో ఆకు పోను గ్లాసుకి చోటుండదు. పైగా ఆకు అంచు టేబుల్ దాటి వేలాడితే పులుసు నేరుగా ఒళ్ళోకే. చివరికి ఆకుని కంచంలో పట్టేలా గుండ్రంగా కోశాం. పిన్ని శాంతించింది.

కంచం 12 అంగుళాలది. టేబుల్ అంచు నుంచి అంగుళం లోపలికి, అంటే బొటనవేలి కణుపంత జరిపి పెట్టాలి. టేబుల్ వెడల్పు 36. రెండు వైపులా పదమూడేసి పోగా మధ్యలో మిగిలేది 10 అంగుళాలే. అందులోనే అటూ ఇటూ గ్లాసులు. ఇక గిన్నెలు ఎక్కడ పెడతారు? మధ్యలో ఫ్లవర్ వాజ్ పెడదామని అక్క కూతురికి సరదా. ఎదుటివాళ్ళ మొహం కనబడదనీ, పులుసు వాసనలో పూల వాసన కలిస్తే రెండూ పాడవుతాయనీ చెప్పి మానిపించాను. ఎంగిలి చేత్తో మనవాళ్ళు గరిటె ముట్టరు కాబట్టి గిన్నెలు మధ్యలో పెట్టినా లాభం లేదు. ఉప్పు, ఊరగాయ తప్ప మిగతావన్నీ ఖాళీ చివరల్లో పెట్టి వడ్డన మేమే చేశాం.

ఇక గ్లాసు. దొరల పద్ధతిలో టేబుల్ సర్దిన ఏ బొమ్మలో చూసినా కంచానికి కుడివైపు పైన, కత్తి మొనకి ఎదురుగా ఉంటుంది. ముందురోజు రాత్రి నేనే ఒక కుర్చీలో కూర్చుని పప్పన్నం కలుపుకుని చూశాను. కుడిచెయ్యి ఎంగిలి. నీళ్ళు తాగాలంటే ఎడమచెయ్యి కంచం మీదుగా అడ్డంగా చాచాలి, లేదంటే గ్లాసుకి పప్పు అంటించాలి. బంతిలో మనవాళ్ళు గ్లాసు ఎడమవైపు పెట్టేది ఇందుకే. మెనూలో బొచ్చె చేపల పులుసు ఉంది, మామిడికాయ వేసి ముందు రాత్రే కాచిపెట్టారు. కాబట్టి ముళ్ళకి చిన్న ప్లేటు కావాలి. ముల్లు తీసేది కుడిచేత్తో, ఆ ప్లేటు కుడివైపు పైనే ఉండాలి. దొరల పద్ధతిలో ఎడమవైపు పైన బ్రెడ్ ప్లేటు, కుడివైపు పైన గ్లాసు ఉంటాయి. మాకు ప్లేటు కుడికి, గ్లాసు ఎడమకి వచ్చాయి. కొలతలు వాళ్ళవే ఉంచుకున్నాను, చోట్లు మాత్రం తారుమారు చేశాను.

వడ్డన మాత్రం వాళ్ళు చెప్పినట్టే ఎడమ భుజం వైపు నుంచి. కుడివైపు నుంచి వంగితే తినే చేతికి తగులుతాం. హాలు వెడల్పు 11 అడుగులు. టేబుల్ మూడు పోను పక్కకి నాలుగేసి. కుర్చీలో మనిషి కూర్చుంటే రెండడుగులు పోతుంది, మిగిలిన రెండడుగుల్లో గిన్నె పట్టుకుని నడవాలి. అందుకే దివాన్ వరండాలోకి చేర్చి, చేతులు లేని కుర్చీలే అద్దెకి తెప్పించాం. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు ఆరు పక్కపక్కన వేస్తే 24 అంగుళాల లెక్క అక్కడే ఆగిపోతుంది.

చెంచాలు ఉదయగిరివి. మన జిల్లాలోనే చేత్తో చెక్కే చెక్క చెంచాలు, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. పాయసానికి ఒక్కొక్కటి, కప్పు పక్కనే పెట్టాం. ఫోర్కులు పెట్టలేదు, పెట్టినా చేపల పులుసుని ఫోర్కుతో తినేదెవరు?

ఎవరెక్కడ అన్నది రాత్రే రాసుకున్నాం. చేపలు ముట్టని నాయనమ్మకి వంటింటి వైపు చివరి కుర్చీ, ఆమెకి వేరే గరిటెలు. భారీ మనిషి పెళ్ళికొడుకు మేనమామకి ఇంకో చివర, ఒక పక్కైనా మోచేయి బయటికి చాచుకుంటారని. పెళ్ళికొడుకు తమ్ముడిది ఎడమచేతి వాటమని అక్క కూతురు చెప్పింది. ఆ అబ్బాయిని వాళ్ళ వరసలో ఎడమ చివర కూర్చోబెట్టి గ్లాసు కుడికి, ముళ్ళ ప్లేటు ఎడమకి మార్చాను. కూర్చోగానే గమనించాడు, "నాకోసమేనా అత్తా?" అన్నాడు.

మేనమామ గారు రెండుసార్లు పులుసు వేయించుకున్నారు. వడ్డించేటప్పుడు వదినకి ఎవరి చెయ్యీ తగల్లేదు. వాళ్ళు లేచాక రెండో బంతిలో మేం కూర్చున్నాం. అప్పటికి చేప ముక్కలు అడుగంటాయి, ఉన్న ఒక్క తలకాయ కోసం మా అన్నయ్యా చిన్న బావా వాదులాడుకుంటుంటే వదిన వచ్చి దాన్ని తన కంచంలో వేసుకుంది.