ఇ-గవర్నమెంట్ యూనిట్‌లో నేను ఎక్కడ పోయాను, ఎలా గట్టెక్కాను

నిన్న రిజల్ట్ వచ్చింది. పీహెచ్‌డీ అర్హత పరీక్ష రెండో ప్రయత్నంలో పాసయ్యాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. మెసేజ్ చేసినవాళ్లలో ఎక్కువమంది ఇ-గవర్నమెంట్ (ప్రభుత్వ పనులూ సేవలూ ఆన్‌లైన్‌లో అందించడం) యూనిట్ గురించే అడిగారు కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

మొదటిసారి నేను ఫెయిలయింది అక్కడే. ఈ రంగంలో పరిశోధన స్థితిని విమర్శనాత్మకంగా చర్చించమన్నారు. నేను స్కేలు పెట్టి, ఇ-గవర్నమెంట్ దశలవారీగా ఎదుగుతుందని చెప్పే లేన్, లీ 2001 నమూనా బొమ్మ గీశాను. కేటలాగ్ (సమాచారం ఆన్‌లైన్‌లో పెట్టడం), లావాదేవీ, నిలువు అనుసంధానం (పై, కింది స్థాయి ప్రభుత్వాల మధ్య), అడ్డ అనుసంధానం (వేర్వేరు శాఖల మధ్య)... నాలుగు మెట్లు, పక్కన పైకి బాణం. మూడు పేజీలూ వాటి వివరణే. వాళ్లు అడిగింది పరిశోధన గురించి, నేను రాసింది ప్రభుత్వ సేవల గురించి. మార్కులు చూశాక కూడా ఆ తేడా తట్టడానికి చాలా రోజులు పట్టింది.

కళ్లు తెరిపించింది హీక్స్, బైలూర్ 2007 సమీక్ష. 84 వ్యాసాలను ముందేసుకుని వాళ్లు తేల్చినదేమిటంటే, ఈ రంగంలో ఆశావాదం మోతాదు మించింది, సిద్ధాంతం పలచన, పరిశోధన పద్ధతి గురించి చెప్పడంలో అలసత్వం. అది చదివాక నోట్సు మొత్తం తిరగరాశాను. ప్రతి వ్యాసానికీ మూడు గళ్లు: డేటా ఎక్కడిది, ఎవరిని అడిగారు, దేన్ని పరీక్షించారు. కొన్నిటికి మూడో గడి ఖాళీగానే మిగిలింది. ఆ ఖాళీయే నా జవాబుకు ముడిసరుకు అయింది.

అప్పుడే కోర్సీ, నోరిస్ 2008 వ్యాసం విలువ తెలిసింది. అమెరికా స్థానిక ప్రభుత్వాల సర్వేలు పట్టుకుని చూస్తే, అవి నమూనాలు చెప్పినట్టు మెట్టు మెట్టుగా ఎక్కడం లేదు. నేను అంత శ్రద్ధగా గీసిన బాణానికి ఆధారం లేదన్నమాట!

ఇంకో జాగ్రత్త. 35 శాతం పూర్తి వైఫల్యం, 50 శాతం పాక్షిక వైఫల్యం, 15 శాతం విజయం అని హీక్స్ 2003లో ఇచ్చిన అంకెలను అందరూ సూత్రంలా రాసేస్తున్నారు. అవి అభివృద్ధి చెందుతున్న, పరివర్తన దశలోని దేశాల ప్రాజెక్టులకు వేసిన అంచనా. ఆ మాట రాయకుండా అంకెలు మాత్రమే రాయకండి. సంస్థలు టెక్నాలజీని ఎలా మలచుకుంటాయో చెప్పే ఫౌంటెన్ 2001, డిజిటల్ యుగపు పాలన గురించిన డన్లీవీ బృందం 2006 రచనలకు ఒక్కో పేరా చాలు.

ఒక్క యూనిట్ మీద ఇన్ని నెలలా అని చాలామంది అన్నారు. నేనేమీ టైమ్ వృథా చేయలేదు. గైడు పుస్తకంలో ఉన్న సారాంశం బట్టీ పట్టేవాళ్లకు ఆ వ్యాసాల్లో పద్ధతుల విభాగం ఎలా ఉంటుందో తెలియదు. రోజుకు ఒక వ్యాసం, అది కూడా పద్ధతుల విభాగం నుంచే మొదలు. జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు. మీరూ మానకండి.

ఈసారి ప్రశ్న దాదాపు అదే. బొమ్మ గీయలేదు. "ఈ దశల నమూనాను ఎవరు, ఏ డేటాతో పరీక్షించారు?" అన్న వాక్యంతో జవాబు మొదలుపెట్టాను.