టిక్‌మని ఆగిపోయే మా 800

పొద్దుటి నుంచి మా కారు తాళం పద్నాలుగు సార్లు తిప్పాను. పద్నాలుగు సార్లూ ఒక్క పట్టున స్టార్ట్ అయింది. నాలుగు నెలల టెన్షన్ ఇవాళ తీరింది. వేడి మీదున్నప్పుడే రాసేస్తున్నాను.

మాది 2006 మోడల్ మారుతి 800, నాన్న కొన్న బండి. ఏప్రిల్‌లో క్లచ్ ప్లేటు అరిగిపోతే విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో గేర్‌బాక్స్ దింపించి మార్పించాను. మూడు వారాలు గడిచాక మొదలైంది ఈ రోగం. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఏ పేచీ లేదు. నలభై యాభై కిలోమీటర్లు తిరిగి ఎక్కడైనా ఆపి మళ్లీ తాళం తిప్పితే 'టిక్' అంటుంది, అంతే. సెల్ఫ్, అంటే ఇంజిన్‌ని మొదట తిప్పే మోటార్, తిరగదు. హెడ్‌లైట్లు మాత్రం నిక్షేపంగా వెలుగుతుంటాయి. అరగంట ఆగితే మామూలుగా స్టార్ట్ అవుతుంది. అదీ రోజూ రాదు, వారానికో పది రోజులకో ఒకసారి.

బ్యాటరీ షాపులో మీటర్ కూడా పెట్టి చూడకుండా "బ్యాటరీ పోయింది సార్" అన్నారు. కొత్తదానికి 4,200 అయింది. వారం తిరక్కుండానే మళ్లీ టిక్. సెల్ఫ్ మోటార్ విప్పించి కార్బన్ బ్రష్షులు, సోలెనాయిడ్ (మోటార్‌కి కరెంట్ కలిపే స్విచ్చు) మార్పిస్తే ఇంకో 2,300. పన్నెండు రోజులు బాగుంది, పదమూడో రోజు మొదటికొచ్చింది. ఒక పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే అక్కడ ముచ్చటగా మూడుసార్లూ స్టార్ట్ అయింది. అక్కడి కుర్రాడు బండి వైపు సరిగ్గా చూడకుండానే "ఈ మోడల్ రావడమే ఆగిపోయింది కదా సార్, అమ్మేయండి" అన్నాడు. 2014లో తయారీ ఆపేస్తే మాత్రం? ఉన్న బండికి వైద్యం చెయ్యడం తెలియనప్పుడు ఆ మాటే చెప్పాలి.

ఇదంతా ఒక ఎత్తు, శ్రావణంలో జరిగింది ఒక ఎత్తు. మా మేనకోడలి పెళ్లికి నందిగామ నుంచి గుంటూరు బయల్దేరాం. నేను, మా ఆవిడ, మావయ్యగారు, అత్తయ్యగారు. మంగళగిరి దాటాక బంకులో ఆగి పెట్రోల్ కొట్టించాను. తాళం తిప్పితే టిక్. మళ్లీ తిప్పాను, టిక్. వెనక రెండు ఆటోలు, ఒక వ్యాను, ఒకటే హారన్లు. నా చేతులకి చెమటలు పట్టేశాయి. నేను దిగేలోపే మావయ్యగారు దిగిపోయారు. ఆయనకి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పట్టుపంచె పైకి ఎగ్గట్టి డిక్కీ మీద రెండు చేతులూ వేశారు. "మీరు కూర్చోండి మావయ్యగారూ" అని బతిమాలినా వినలేదు. "నువ్వు స్టీరింగ్ పట్టుకో బాబూ" అన్నారు. బంకు కుర్రాళ్లు ఇద్దరు వచ్చి చెయ్యేశారు. మూడోవాడు ఫోన్ తీసి వీడియో తీస్తున్నాడు. సెకండ్ గేర్‌లో పెట్టి క్లచ్ వదిలితే స్టార్ట్ అయింది. అద్దంలో చూస్తే మావయ్యగారు ఒక చేత్తో నడుం పట్టుకుని నెమ్మదిగా నడిచొస్తున్నారు, పంచె మీద నల్లటి మరక. కారెక్కి చేతులు తుడుచుకుని ఏమీ అనలేదు. గుంటూరు వచ్చేదాకా అత్తయ్యగారే ఏవేవో పెళ్లి కబుర్లు చెబుతూ వచ్చారు. ఒక్క మాట తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఇక ఎవరి మాటా వినదల్చుకోలేదు. 350 రూపాయలు పెట్టి వోల్టులు కొలిచే మల్టీమీటర్ కొన్నాను. కారు మొరాయించినప్పుడే కొలవాలని డిక్కీలో పెట్టుకు తిరిగాను. నిన్న సాయంత్రం జగ్గయ్యపేట వెళ్లొచ్చి ఇంటి గేటు ముందు ఆపి తాళం తిప్పితే, టిక్. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మా ఆవిడని తాళం తిప్పి పట్టుకోమన్నాను. బ్యాటరీ టెర్మినల్స్ మీద 12.2 వోల్టులు ఉంది. సెల్ఫ్ కరెంట్ లాగితే అది పదికో పదకొండుకో పడాలి. పడలేదంటే కావాల్సినంత కరెంట్ వెళ్లడం లేదు. మీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద పెట్టి మళ్లీ తిప్పించాను. రెండింటి మధ్య 0.2, 0.3 వోల్టులు దాటకూడదు. 5.1 చూపించింది. ఏదో కాలిన వాసన వస్తుంటే, క్లచ్ పెడల్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే ఇనుప కేబుల్ మీద చెయ్యి పెట్టాను. అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వేడిగా ఉంది. ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగి రావాల్సిన కరెంట్‌కి, ఆ రెండింటినీ కలిపే ఎర్త్ వైరు దారి ఇవ్వక, ఆ సన్నటి కేబుల్ గుండా బాడీలోకి వస్తోందన్నమాట. భయమేసింది. జంపర్ కేబుల్ (రెండు కొసలా క్లిప్పులుండే లావుపాటి వైరు) ఒకటి తీసి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి కలిపాను. తాళం తిప్పీ తిప్పగానే స్టార్ట్!

ఇవాళ పొద్దున గేర్‌బాక్స్ మీదున్న ఎర్త్ వైరు బోల్టుకి పానా వేస్తే, రెండు వేళ్లతో ఊడొచ్చేంత వదులుగా ఉంది. రింగు కింద గ్రీజు, మట్టి గట్టిగా పేరుకుపోయాయి. వైరు మొదట్లో పచ్చగా చిలుం. గేర్‌బాక్స్ దింపినవాళ్లు ఈ వైరు విప్పకుండా ఎలా దింపుతారు? ఫోన్ చేసి అడిగితే "మేం దాన్ని ముట్టుకోలేదు" అన్నారు. ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, 180 రూపాయల కొత్త వైరు బిగించాను. మీటర్ 0.1 చూపించింది. ముగ్గురు పట్టుకోలేనిది నేను పట్టుకున్నాను, ఆ గర్వం నాకు ఉంది.

లైట్లు బాగా వెలుగుతూ సెల్ఫ్ టిక్‌మంటే బ్యాటరీ కొనకండి, ముందు ఆ జంపర్ కేబుల్ పరీక్ష చెయ్యండి. క్లచ్ పని చేయిస్తే ఎర్త్ బోల్టు బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. పనివాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

మధ్యాహ్నం మావయ్యగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆ పాత వైరు ఎలా ఉందో చూడాలన్నారు. కాగితంలో చుట్టి డిక్కీలో పెట్టాను, రేపు పట్టుకెళ్తాను.