దొనకొండ గ్యాంగుల పని: మీటర్ గేజ్ కట్టను నిలబెట్టిన చేతులు

దొనకొండ పేరెత్తితే ఆవిరి ఇంజన్ల షెడ్డు గురించో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానం గురించో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. గ్యాంగ్‌మన్లు రోజూ పట్టాల మీద ఏం చేసేవారో చెప్పేవాళ్లు తక్కువ. ఆ పని తెలియకపోతే ఈ ఊరి రైల్వే చరిత్ర సగమే తెలిసినట్టు.

1876–78 కరువు తర్వాత, గింజలు చేరని ప్రాంతాలకు తిండి అందాలన్న ఉద్దేశంతో సదరన్ మరాఠా రైల్వే 1880ల్లో గుంతకల్లు, నంద్యాల, గిద్దలూరు, గుంటూరు మీదుగా మీటర్ గేజ్ (రెండు పట్టాల మధ్య ఒక మీటరు ఎడం ఉండే) లైను మొదలుపెట్టింది. ఆ కంపెనీ 1908లో మద్రాస్ రైల్వేతో కలిసింది. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడింది. ఆ తర్వాత ఈ లైను దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. పైన బోర్డులు ఎన్ని మారినా కట్ట మీద పని మాత్రం గునపం, పార, తట్ట, కంకర కుమ్మే బీటరుతోనే సాగింది.

ఒక్కో గ్యాంగుకు ఐదారు కిలోమీటర్ల బీటు. మేస్త్రీ ఒకడు, రోజూ లైను వెంట నడిచి చూసే కీమన్ ఒకడు, మిగతావాళ్లు గ్యాంగ్‌మన్లు. వీళ్లందరి మీదా పీడబ్ల్యూఐ (పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్, అంటే లైను ఇన్‌స్పెక్టరు) ఉండేవాడు, మనుషులు తోసే పుష్ ట్రాలీ మీద వచ్చి తనిఖీ చేసేవాడు. ఏడాది పని వానలను బట్టి నడిచేది. ప్రకాశం వైపు నైరుతి వానలతో పోలిస్తే అక్టోబర్, నవంబర్ తుఫాను వానలే కట్టకు ఎక్కువ చేటు. అవి తగ్గాక బీటు ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తి ప్యాకింగ్ చేయాలి, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపరు దిమ్మెల అడుగున కంకర కుమ్మి బిగించాలి. వానలకు ముందు పక్క కాలువల పూడిక తీయాలి. వానల్లో ఎక్కడ పట్టా కుంగితే అక్కడికి పరుగెత్తాలి.

పూర్తి ప్యాకింగ్ అంటే కంకర కుమ్మడం ఒక్కటే కాదు. ముందు స్లీపరు అడుగుకు 50 మిల్లీమీటర్ల లోతు దాకా కంకర తీస్తారు. ఒకేసారి 30 స్లీపర్లకు మించి తెరవకూడదు, ఎందుకంటే కంకర తీసిన చోట పట్టాలను పక్కకు జరగకుండా పట్టి ఉంచేది ఏదీ ఉండదు. తర్వాత పట్టా, స్లీపరు, బిగింపులు చూడాలి. ఒరిగిన స్లీపర్లను పట్టాకు లంబంగా సరిచేయాలి. గునపాలతో లైనును నెట్టి వరసకు తేవాలి. గేజు కొలవాలి. ఆ తర్వాతే ప్యాకింగ్. ఒక స్లీపరుకు నలుగురు, ఒక్కో పట్టా దగ్గర ఇద్దరేసి ఒకరికొకరు వీపు పెట్టి నిలబడి, బీటరును ఛాతీ ఎత్తుకు లేపి దెబ్బ స్లీపరు అడుగుకు కొంచెం కింద పడేలా వేస్తారు. దెబ్బ పైన పడితే చెక్క అంచు చితుకుతుంది.

మీటర్ గేజ్‌లో పట్టా కింద నుంచి రెండు వైపులా 350 మిల్లీమీటర్ల వరకే గట్టిగా కుమ్మాలి. మధ్య భాగం వదులుగానే వదలాలి. కొత్తవాళ్లు ఉత్సాహం కొద్దీ మధ్యలో కూడా బిగిస్తే స్లీపరు నడుము మీద ఊగుతుంది, బండి వెళ్లినప్పుడల్లా చివరలు కుంగుతాయి. మంచి మేస్త్రీకి ఈ ఒక్క విషయం మీదే ఎక్కువ పట్టింపు. అది సరైన పట్టింపే. ఇంత చేశాక కూడా జాయింటు దగ్గరి స్లీపర్లను మళ్లీ కుమ్మాలి. చక్రం ఒక పట్టా కొస నుంచి ఇంకో పట్టా కొసకు దిగేటప్పుడు పడే దెబ్బంతా వాటి మీదే పడుతుంది. చివరగా తీసిన కంకర తిరిగి నింపి అంచులు తీర్చిదిద్దాలి.

జాయింటుతోనే ఎండాకాలం తంటా కూడా. 12 మీటర్ల పట్టా 50 డిగ్రీల తేడాకు దాదాపు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు పట్టాల కొసలను కలిపే ఇనుప పలకకు, అంటే ఫిష్‌ప్లేటుకు, తుప్పు పట్టి జాయింటు బిగుసుకుపోతే ఆ పెరుగుదలకు చోటుండదు, మధ్యాహ్నం ఎండలో లైను పాములా వంకర తిరుగుతుంది. అందుకే చలికాలంలో ఫిష్‌ప్లేట్లు విప్పి, తుడిచి, గ్రాఫైటు, కిరోసిన్ కలిపిన ముద్ద పూస్తారు. నంద్యాల వైపు నల్లరేగడిలో ఇంకో ఇబ్బంది ఉంది. తడిసిన మట్టి బండి బరువుకు బురదగా పైకి ఉబికి కంకరలో కలుస్తుంది. అక్కడ ఎంత కుమ్మినా నాలుగు రోజులే. కంకరంతా తీసి జల్లించి, కింద ఇసుకో మొరమో పొర వేస్తేనే నిలుస్తుంది.

కీమన్ ఒక పట్టా చూస్తూ వెళ్లి రెండో పట్టా చూస్తూ తిరిగొస్తాడు. సుత్తి, స్పానరు, ఎర్ర జెండాలు, డిటొనేటర్లు (చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించే పటాసులు) ఎప్పుడూ వెంట ఉండాలి. పట్టా విరిగి కనిపిస్తే ముందు అక్కడ ఎర్ర జెండా పాతాలి. బండి ఏ వైపు నుంచి రావచ్చో ఆ వైపుకు ముందు పరుగెత్తాలి. మీటర్ గేజ్‌లో 400 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, 800 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు పెట్టాలి. సింగిల్ లైను కాబట్టి రెండో వైపూ ఇదే చేయాలి.

ఈ పనిలో పర్మినెంటు కానివాళ్లు ఎందరో. రైల్వేలో క్యాజువల్ కూలీలకు 120 రోజులు వరసగా నిండితే తాత్కాలిక హోదా వచ్చేది. ఆ లెక్క నిండకముందే పని ఆపేయడం వాళ్లందరికీ తెలిసిన అన్యాయం. ప్రాజెక్టు పనుల కూలీలకు 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో దారి దొరికింది.

1990ల్లో బ్రాడ్ గేజ్ వచ్చింది. నల్లమల ఘాట్‌లో దొరబావి వంతెన ఉన్న పాత దారి వదిలి కొత్త దారి వేశారు. గజానికి 60 పౌండ్లు తూగే మీటర్ గేజ్ పట్టా 12 మీటర్లకు దాదాపు 360 కిలోలు. మీటరుకు 60 కిలోలు తూగే బ్రాడ్ గేజ్ పట్టా 13 మీటర్లకే 780 కిలోలు. కాంక్రీటు స్లీపరు ఒక్కటే పావు టన్ను పైన. నలుగురు గునపాలతో సర్దే కాలం అక్కడితో పోయింది. ఇప్పుడు ప్యాకింగ్ ట్యాంపింగ్ యంత్రం చేస్తుంది. మనుషుల చేతికి మిగిలినవి బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే పాయింట్లు, వంతెనల మొదళ్లు, అక్కడక్కడా కుంగిన చోట్లు, గస్తీ.

గస్తీని యంత్రానికి అప్పగించలేరు. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజరు పడిపోయినప్పుడు వందమందికి పైగా చనిపోయారు. వానాకాలం రాత్రి గస్తీవాడు రెండో బీటువాడితో పుస్తకం మార్చుకోవాలి, స్టేషన్‌లో సంతకం చేయించాలి. అతను వేళ దాటి 15 నిమిషాలకూ రాకపోతే స్టేషన్ మాస్టరు బండికి నెమ్మదిగా వెళ్లమని కాషన్ ఆర్డర్ ఇస్తాడు. వంతెన దిమ్మె మీద గీసిన ప్రమాద గుర్తుకు నీళ్లు చేరితే బండి ఆపాలి. లైనుకు ఎగువన ఉన్న చెరువుల జాబితా రైల్వే దగ్గర ఉంటుంది. వానలకు ముందు నీటిపారుదల శాఖవాళ్లతో కలిసి వాటి కట్టలు, అలుగులు చూస్తారు.