మాస్టారు పక్కకి జరిపిన పళ్లెం

సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ గ్రూపులో మూడుసార్లు అడిగారు. పదో తరగతిలో నాకు తెలుగులో వచ్చిన మార్కులు గుర్తున్నవాళ్లు నవ్వుకోండి, ఫర్వాలేదు. లెక్కల మాస్టారి గురించి కాబట్టి ఒప్పుకున్నాను.

మాస్టారిదీ మాదీ ఒకటే బ్రదరన్ సంఘం, అంటే క్రైస్తవుల్లో ఒక శాఖ. క్లాసులో ఆయన దేవుడి మాట ఎత్తడం నేను విన్నది ఒక్కసారే, అదీ చక్రవడ్డీ చెబుతూ చెబుతూ. 1836లో ఇంగ్లాండు నుంచి వచ్చి మన నరసాపురం వైపు సువార్త పని మొదలుపెట్టిన ఇద్దరిలో బౌడన్ రాతి మేస్త్రీ అట, బీర్ చెప్పులు కుట్టేవాడట. "గోడ వంకరగా కట్టే మేస్త్రీ వాక్యం చెబితే ఎవడు వింటాడ్రా?" అనేసి మళ్లీ వడ్డీలోకి వెళ్లిపోయారు.

ఒక ఆదివారం ఆరాధనలో, యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ అందరం పంచుకునే రొట్టె పళ్లెం ఆయన దాకా వచ్చింది. ముట్టుకోకుండా పక్కాయనకి జరిపేశారు, ద్రాక్షరసం గిన్నె కూడా అంతే. వెనక బల్ల మీద కూర్చున్న నాకు ఆయన మెడ మీద చెమట కనబడుతోంది. పొలం గట్టు దగ్గర తమ్ముడితో మాటా మాటా అనుకున్నారని, ఆ తగువు తీరకుండా రొట్టె ముట్టుకోలేకపోయారని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రమే సైకిలేసుకుని మొగల్తూరు వెళ్లి తమ్ముడింట్లో అన్నం తిని వచ్చారు. పై ఆదివారం రొట్టె తీసుకున్నారు. సంఘంలో ఎవరూ ఏమీ అడగలేదు, ఆయనా సాక్ష్యం చెప్పలేదు.

ఇక నా సంగతి. భీమవరం చుట్టుపక్కల రొయ్యలు కొనే పనిలో ఉన్నాను, బండి వెనక 'యెహోవా నా కాపరి' అని స్టిక్కరు కూడా ఉంది. ఈ పనిలో అంతా కౌంటే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు, సంఖ్య తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి చెరువు గట్టు మీద, లైటు వెలుగులో, శాంపిలు కిలో తూచి ట్రేలో పోశాం. రైతు చలికి తువ్వాలు కప్పుకుని నిలబడి, "మీరు ప్రార్థనకెళ్లే మనిషి కదండీ, మీరే లెక్కెట్టండి" అన్నాడు. లెక్కెట్టాను. 52 ఉన్నాయి. నా నోటి నుంచి 55 అని వచ్చింది. కౌంటుకి కిలో మీద నాలుగు రూపాయలు, అంటే మూడు కౌంట్లకి పన్నెండు, రెండు టన్నుల సరుక్కి 24 వేలు. నాకు అందులో పైసా రాదు, కంపెనీలో మంచి పేరు మాత్రం వస్తుంది, ఆ ఆశకి అనేశాను. (కంపెనీ పేరెందుకులెండి, 55 అన్నది నేను.)

ఆ ఆదివారం పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి లేవలేదు. పక్కకి జరిపాను. ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ చూసింది. ఇంటికొచ్చాక కూర వడ్డిస్తూ "ఎవరితో?" అని ఒక్కమాటే అడిగింది. చెప్పాను. బీరువాలోంచి పిల్ల ఫీజు కోసం దాచిన ఎనిమిది వేలు తెచ్చి కంచం పక్కన పెట్టింది, మిగతాది రెండు నెలల్లో సర్దాను. రైతు డబ్బు లెక్కపెట్టుకున్నాడు, టీ అయినా ఇవ్వలేదు, మరుసటి పంట వేరేవాళ్లకి అమ్మాడు. ఆయన తప్పేం లేదు. మా ఆఫీసులోనేమో నువ్వు వ్యాపారానికి పనికిరావన్నారు, ఏడాది తిరక్కుండా మానేసి సొంతంగా చిన్నగా కొనుక్కోవడం మొదలుపెట్టాను. లాభాలు విరగబడ్డాయని రాస్తే బావుంటుంది గానీ, అలా ఏమీ లేదు, నడుస్తోంది.

ఇప్పుడు ట్రే రైతు ముందే పెడతాను, ముందు ఆయన లెక్కెట్టాక నేను. మొన్న పాలకొల్లు దగ్గర ఒక కుర్రాడు 47 అన్నాడు, నాకు 46 వచ్చింది. "46 రాసుకోండి" అంటే అనుమానంగా నా మొహంలోకి చూసి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.